నెగొంబోలో పాలన్నము

పరిశుద్ధ గ్రంథములో పుట్టినరోజు విందులని స్పష్టముగా చెప్పబడినవి రెండే. ఒకటి ఆదికాండము 40వ అధ్యాయములో ఫరో చేసినది, రెండవది సువార్తలలో హేరోదు చేసినది. రెండింటిలోను ఒక్కొక్క ప్రాణము పోయింది. అక్కడ రొట్టెలు చేసేవారి పెద్ద, ఇక్కడ బాప్తిస్మమిచ్చు యోహాను. అందుకే మన పెద్దలలో కొందరు పుట్టినరోజు చేయనేకూడదు అనేవారు. ఈ కాలములో అయితే పల్లెల్లో కూడ ఫ్లెక్సీలు, కేకులు, వాటికోసము అప్పులు. ఈ రెంటి మధ్య ఎట్లా నడుచుకోవాలో మా కుటుంబము పొరుగుదేశములో కొంత నేర్చుకొంది. ప్రియ పాఠకులారా, ఆ సంగతి మీతో చెప్పాలని ఇది వ్రాయుచున్నాను.

2024 జనవరిలో, సంక్రాంతి సెలవులకు, భార్యాపిల్లలతో శ్రీలంక వెళ్ళాము. టిక్కెట్ల ఖర్చు చెన్నైలో ఉద్యోగము చేసే నా బావమరిది పెట్టుకొన్నాడు. చెన్నై నుండి విమానములో గంటంబావు ప్రయాణమే. కొలంబో విమానాశ్రయము నగరములో ఉండదు, ఉత్తరాన కటునాయకలో ఉంటుంది. దాని ప్రక్కనే నెగొంబో అనే జాలరుల పట్టణము. అక్కడ ఒక క్రైస్తవ కుటుంబమువారి ఇంట్లో గది అద్దెకు తీసుకొన్నాము.

నెగొంబో చూస్తే మా కోనసీమ తీరమే గుర్తొచ్చింది. అవే కొబ్బరిచెట్లు, అదే ఉప్పుగాలి. ఇసుకమీద కొబ్బరిపీచు చాపలు పరచి, ఉప్పులో ఊరిన చేపలను వరుసలుగా ఎండబెడతారు. ఊరి మధ్యగా డచ్చివారి కాలమునాటి కాలువ పారుతుంది. జనులలో ఎక్కువమంది రోమన్ కాథలిక్కులు. సింహళముతోపాటు అరవము కూడ చాలామందికి వచ్చు. నా భార్య చిత్తూరువైపు ఆమె గనుక మాటకు ఇబ్బంది కలుగలేదు.

మూడవరోజున మా చిన్నపాపకు పదేండ్లు నిండాయి. ఆ సంగతి తెలిసి ఇంటామె తెల్లవారుజామునే లేచి కిరిబత్ వండింది. అంటే పాలన్నము. బియ్యమును చిక్కటి కొబ్బరిపాలలో ఉడికించి, పళ్ళెములో అదిమి, ముక్కలుగా కోస్తారు. ఉల్లి, ఎండుమిరప నూరిన కారము దానికి జత. పుట్టినరోజులకు, కొత్త సంవత్సరమునకు, ప్రతి శుభకార్యమునకు అక్కడ ఇదే మొదటి వంట. కేకు లేదని మా పాప ముఖము కొంచెము చిన్నబోయినా, రెండు ముక్కలు తిన్నది.

ఆ ఊరిలోనే కటువపిటియ అనే పేటలో సెయింట్ సెబాస్టియన్ చర్చి ఉన్నది. 2019 ఏప్రిల్ 21, ఈస్టరు ఉదయమున శ్రీలంకలో మూడు చర్చిలలో, కొలంబోలోని మూడు పెద్ద హోటళ్ళలో ఆత్మాహుతి బాంబులు పేలాయి. 250 మందికి పైగా చనిపోయారు. వారిలో వందమందికి పైగా ఈ ఒక్క చర్చిలోనివారే. తూర్పుతీరాన బట్టికలోవలోని సీయోను చర్చిలో, సండేస్కూలు ముగించుకొని బయటికి వచ్చిన పిల్లలు అనేకులు బలియైరి. నేను అక్కడికి బయలుదేరుచుండగా నా భార్య, “పుట్టినరోజు పూట పిల్లకు ఆ సంగతులెందుకండీ?” అన్నది. పాప మాత్రము నేనూ వస్తానని చెప్పులు వేసికొంది.

చర్చిని మూడు నెలలలోనే బాగుచేసి, 2019 జూలైలో తిరిగి తెరచారు. కొత్త పైకప్పు, శుభ్రమైన గోడలు. ఆనాటి రక్తపు మరకలున్న క్రీస్తు ప్రతిమను మాత్రము కడగకుండ అద్దాల పెట్టెలో ఉంచారు. మృతుల పేర్లున్న జ్ఞాపకార్థ స్తంభము ముందు మా పాప చాలాసేపు నిలుచున్నది. తరువాత, “డాడీ, వీళ్ళలో పిల్లలున్నారు గదా, వాళ్ళ పుట్టినరోజున వాళ్ళ అమ్మలు ఏం చేస్తారు?” అని అడిగింది. ఇరవై ఏండ్లుగా ప్రసంగములు చేయుచున్నాను గాని ఆ ప్రశ్నకు నా దగ్గర సిద్ధమైన జవాబు లేదు.

ఇంటికి వచ్చి అదే ప్రశ్న ఇంటామెను అడిగాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తమకు తెలిసిన ఒక తల్లి ఇప్పటికీ ఆ తేదీన పాలన్నము వండుతుందని, తమ ఇంట ఎవరూ ముట్టకముందే వీధిలోని పిల్లలను పిలిచి పెడుతుందని చెప్పింది. “ఏడవకుండా వండుతుందా?” అని పాప అడిగితే, “ఏడుస్తూనే వండుతుంది” అన్నది.

ఆ సాయంత్రము మా పాప తనకని దాచిన పాలన్నమును తానే తీసికొనిపోయి ప్రక్క ఇండ్ల పిల్లలకు పంచింది. మేము చెప్పలేదు.

ప్రియులారా, మన సంఘములలో కూడ జ్వరానికో, చెరువుకో, రోడ్డు ప్రమాదానికో బిడ్డను పోగొట్టుకొన్న ఇండ్లున్నాయి. ఆ బిడ్డ పుట్టిన తేదీ ఆ తల్లికి తప్ప ఎవరికీ గుర్తుండదు. పండుగనాడు వండుకోలేని ఇంటికి ఒక వంతు పంపడము నెహెమ్యా దినములనుండి దేవుని ప్రజలకు తెలిసిన పద్ధతే. మీ ఇంట పిల్లల పుట్టినరోజు వచ్చినప్పుడు అప్పుచేసి కేకు తేనవసరము లేదు. పాయసము వండుకొని, మొదటి గిన్నె అటువంటి ఇంటికి మీ పిల్లల చేతనే పంపించండి. ఆ తల్లి తన బిడ్డ పేరు చెప్పితే కూర్చుని వినండి.