స్కాన్ బాగానే ఉంది, నొప్పీ నిజమే



మాది నర్సీపట్నం దగ్గర పల్లె. మా చిన్నబాబు పుట్టిన మూడు నెలలకే తల పెద్దదవసాగింది. తలలో నీరు చేరిందని చెప్పి డాక్టర్లు షంట్ వేశారు. అది సన్నని గొట్టం. మెదడులోని నీటిని చర్మం కిందుగా పొట్టలోకి దించుతుంది. 1956లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే ఫ్యాక్టరీ పనివాడు, ఇదే జబ్బుతో ఉన్న తన కొడుకు కోసం దీనికి సిలికాన్ వాల్వు తయారుచేశాడు. ఆ తండ్రి ఆరాటం వల్ల ఎందరో బిడ్డలు బ్రతికారు.

ఏడవ ఏట బాబుకు తలనొప్పి మొదలైంది. తెల్లవారుజామున తల పట్టుకుని వాంతి చేసుకునేవాడు, మధ్యాహ్నానికి ఆడుకునేవాడు. పట్నంలో స్కాన్ తీయించాము. “నీరు పెరగలేదు, అంతా బాగానే ఉంది” అన్నారు. బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకున్నాము. ఒక ఉదయం చేయి కూడా చేసుకున్నాము. “నిజంగా నొప్పేనమ్మా” అన్నాడు, అంతే.

పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకుంటున్నాడని సండేస్కూల్ టీచరమ్మ గమనించి చెప్పింది. కంటి డాక్టరు గారు చూసి, కంటి వెనుక నరం వాచిందని, తలలో ఒత్తిడి ఉందని, ఆలస్యమైతే చూపు పోతుందని హెచ్చరించారు. సంఘమువారు కానుక పోగుచేసి ఇచ్చారు. తునిలో రైలెక్కి కాట్పాడిలో దిగి, వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి చేరాము. 1949లో డా. జాకబ్ చాందీ గారు మన దేశంలో మొట్టమొదటి మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించింది అక్కడే.

తలలోకి సన్నని తీగ పంపి, నిద్రలో ఒత్తిడి కొలిచారు. చాలా ఎక్కువగా ఉంది. డాక్టరు గారు ఓపికగా వివరించారు. పసివారి పుర్రె ఎముకల మధ్య అతుకులుంటాయి. మెదడు పెరిగేకొద్దీ అవి జరిగి చోటిస్తాయి. షంట్ నీటిని లాగేయడంతో లోపలి నుంచి తోపు తగ్గి, కొందరిలో ఆ అతుకులు ముందే మూసుకుంటాయి. తరువాత మెదడు పెరుగుతుంది గాని చోటుండదు. అందుకే స్కాన్‌లో నీరు కనబడకపోయినా నొప్పి ఉంటుంది.

ముందు వాల్వు మార్చి చూశారు. చాలలేదు. ఇక పుర్రె ఎముకను కోసి, వెడల్పుగా జరిపి అమర్చాలన్నారు. బిగుతైన చొక్కాకు కుట్లు విప్పి వదులు చేసినట్టన్నమాట. రక్తం ఎక్కువగా పోవచ్చని చెప్పి సంతకం అడిగినప్పుడు మా చేతులు వణికాయి. ఉదయం లోపలికి తీసుకెళ్ళిన బిడ్డను సాయంత్రం చూపించేవరకు ప్రార్థిస్తూనే ఉన్నాము.

దేవుని కృపవల్ల నొప్పులు తగ్గాయి. ఒక కంటి చూపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. షంట్ ఇంకా ఉంది.

షంట్ ఉన్న బిడ్డకు పదేపదే తలనొప్పి, వాంతులు, మగత, చూపు మసక కనిపిస్తే, స్కాన్ బాగున్నా ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి, కంటి నరం కూడా చూపించండి. అన్నిటికన్నా ముందు బిడ్డ మాట నమ్మండి. ఆ ఉదయం సంగతి వాడు మరచిపోయాడేమో గాని, మేము మరువలేదు.