తూత్తుకుడి ముత్యములు

రఘువంశ చతుర్థసర్గమున పాండ్యులు రఘువునకు తామ్రపర్ణీ సాగరసంగమమునందలి ముత్యములను సమర్పించిన ఘట్టమును తండ్రిగారియొద్ద చదువుకొన్ననాటినుండియు ఆ తావు చూడవలెనని మాకు కోరిక. మొన్నటి సంక్రాంతి సెలవులలో మావారు తీసికొనిపోగా అది తీరినది.

పాండ్యుల రేవగు కొర్కై నేడొక పల్లె. సముద్రము కొన్నిమైళ్లు వెనుకకు తొలగినది. రమారమి రెండువేల యేండ్లక్రిందట గ్రీకు నావికుడొకడు, ఇచ్చట శిక్షపడిన నేరస్థులచే ముత్యములు తీయించుచుండిరని వ్రాసియుంచెను. ఆ మాట విన్నపిమ్మట మాకా శ్లోకము మునుపటివలె తియ్యగా తోచలేదు.

వేట తరువాత తూత్తుకుడికి మారినది. మునుగువారిలో పెక్కురు పరవలు; 1530 ప్రాంతముల పోర్చుగీసువారి యండజేరి క్రైస్తవులైరి.

చిప్పలు ఆరేడు మొదలు పది బారల లోతున రాతిమిట్టలపై నుండును. మునుగువాడు బరువురాతిపై పాదముంచి, వలసంచితో దిగి, నిమిషమాత్రమున చిప్పలేరి తాడు కదపవలసియుండెను. ఒక్కొక్క రాతికి ఇద్దరు. ఒకడు దిగగా నొకడు విశ్రమించెడివాడు. పైన తాడు పట్టుటకు భార్య తోబుట్టువునే పెట్టుకొనెడివారట! చెల్లెలి తాళి తన చేతిలోనున్నదని వాడు రెప్పవేయడుగదా. తెచ్చిన చిప్పలను గుట్టలుగా పోసి కుళ్లనిచ్చి కడిగెడివారు. ఆ దుర్గంధమును సహించి వెదకినను అన్నిటను ముత్యముండెడిది కాదు.

స్వాతిచినుకు ముత్యమగునని మనము వినియున్నాము. నిజమునకు, ఒంటిలో పరాయివస్తువు చేరినపుడు ఆ ప్రాణి దానిచుట్టు పొరపై పొరగా పేర్చు మెరుపే ముత్యము. 1961 తరువాత ఇచ్చట వేట సాగలేదు. 1973 లో ఈ యూరనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనాసంస్థవారు చిప్పలో పూసను, వేరొక చిప్పయొక్క పైపొర తునకను చేర్చి ముత్యమును పండించిరి.

రేవుకడ గవ్వలదండలమ్ము ముదుసలితో మాటాడితిమి. కోవిల్‌పట్టి తెలుగు ఇల్లాలొకతె మాకు దుబాసి. ఆ కడపటి వేటనాటికి ముదుసలి క్రొత్తకోడలు. “తాడు పట్టినవాడు మా అన్నే. పడవ తిరిగి వచ్చేదాకా నేనూ మా వదినా పొయ్యి వెలిగించేవాళ్లం కాదమ్మా,” అన్నది. భర్త ప్రాణముతో వచ్చెనుగాని లోతునీటి యొత్తిడిచే రెండు చెవులును పోయినవట. ఇంట ముత్యమేమైన మిగిలెనాయని యడిగితిమి. అడుగరాదని పిదప తోచినది. ఆమె నవ్వి, మా ముక్కుపుడకను చూపి, అది ఏ సముద్రముదని యడిగినది. హైదరాబాదు బజారులో కొన్నదని మాత్రమే చెప్పగలిగితిమి.