గోదావరి పుట్టింట్లో ద్రాక్ష పీపాలు

నాసిక్ వెళ్లే తెలుగువాళ్ల దారి దాదాపు ఒకటే. ముందు షిరిడీ, అక్కణ్నుంచి పంచవటి, తర్వాత త్ర్యంబకేశ్వర్, ఓపికుంటే శని శింగణాపూర్. ఆ మధ్యలో గంగాపూర్ రోడ్డు మీదికి మళ్లే కార్లూ ఉంటాయి. బ్రహ్మగిరి కొండల్లో పుట్టిన గోదావరి ఎంతో దూరం పోకముందే గంగాపూర్ దగ్గర మట్టికట్టకు ఆగుతుంది. ఆ జలాశయం చుట్టుపక్కలే దేశంలో పేరున్న వైనరీలు. భద్రాచలంలోనూ రాజమండ్రిలోనూ మనం మునకలేసే నది ఇక్కడ ద్రాక్ష తోటల మధ్య ఉంటుందని చూసేదాకా మనసుకెక్కదు.

మేం ఫిబ్రవరిలో వెళ్లాం, కోతల కాలం. కారు తోలింది పుణెలో ఉండే బావమరిది. త్ర్యంబకంలో దర్శనమయ్యాక అత్తయ్యను హోటల్లో దింపుదామనుకున్నాం. ఆమె ఒప్పుకోలేదు. "ద్రాక్ష తోటలంటున్నరు గద, నేను జూడకుంటె ఎట్ల?" అంది. ఆమె పుట్టిల్లు మేడ్చల్ దిక్కు. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ పందిళ్లు పరుచుకుని ఉన్న రోజుల్లో వాళ్లకూ ఓ తోట ఉండేది. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లున్నాయి.

మొదట సులా. దీని కథ చాలామందికి తెలిసిందే: స్టాన్‌ఫర్డ్‌లో చదివి, అమెరికాలో ఒరాకిల్ కొలువు వదిలేసి వచ్చిన రాజీవ్ సామంత్, కుటుంబానికున్న భూమిలో 1997లో సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ తీగలు నాటించాడు. కాలిఫోర్నియా నుంచి కెరీ డామ్‌స్కీ అనే వైన్ నిపుణుణ్ని తోడు తెచ్చుకున్నాడు. 2000లో తొలి సీసాలు బయటికొచ్చాయి. పేరు వాళ్లమ్మ సులభ గారిది. అయితే నా లెక్కలో అసలు తెలివైన పని 2005లో జరిగింది. అప్పుడు టేస్టింగ్ రూమ్ తెరిచారు. వైన్ తాగడం తెలియని దేశంలో సరుకు అమ్మాలంటే ముందు తాగడం నేర్పాలి. జనాన్ని తోటకే రప్పించి, చూపించి, వాసన చూపించి, ఆ తర్వాత సీసా చేతిలో పెట్టారు.

తోటలోకి అడుగుపెట్టగానే అత్తయ్య తల పైకెత్తి వెతికింది. "పందిరేది?" పందిరి లేదు. రాతి కూసాల్లేవు. నడుమెత్తు తీగలు ఇనప కమ్ముల మీద వరుసల్లో నిలువుగా సాగి ఉన్నాయి. వెంటొచ్చిన గైడు కుర్రాడు ఒక గుత్తి చూపించాడు. పళ్లు శనగలకంటే కాస్త పెద్దవి. నోట్లో వేసుకుని అత్తయ్య తీర్పు చెప్పేసింది. "తోలు మందం, లోపల గింజలు, రసం తక్వ. తియ్యగ మాత్రం మస్తున్నయి. బజార్ల పెడితె ఎవ్వడు కొనడు." ఆ కుర్రాడు నవ్వి, వైన్‌కు కావలసినవి అవేనన్నాడు. రంగు, వగరు తోలులోంచే వస్తాయి. చక్కెర నూటికి ఇరవైరెండు, ఇరవైనాలుగు పాళ్లు చేరాకే కోస్తారు. పందిట్లో కాయించినట్టు బరువు కాయిస్తే రుచి పలచబడుతుంది. అందుకే కొన్ని గుత్తులు ముందే తుంచేస్తారట. కాసిన కాయను పారేయడమనే మాట ఆమెకు మింగుడు పడలేదు.

ఇంకో సంగతి మాత్రం ఆమెకు చెప్పాల్సిన పని పడలేదు. చలి దేశాల్లో తీగ శీతాకాలమంతా నిద్రపోతుంది, కోత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. ఇక్కడి ఎండకు తీగకు నిద్రలేదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో చేసేది ఖరడ్ ఛాటణి, కొత్త కొమ్మల కోసం. వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో చేసేది పంట కోసం. "మా తోటల గూడ గంతే. ఎండల ఒకపాలి, దసరా కాడ ఒకపాలి" అంది అత్తయ్య. ఆ తర్వాత కుర్రాడు మాతో కంటే ఆమెతోనే ఎక్కువ మాట్లాడాడు.

లోపల స్టీలు ట్యాంకులు, చల్లదనం, పులుపు వాసన. తెల్ల వైన్‌కైతే ముందే రసం పిండి, తోలు తీసేసి, పదిహేను డిగ్రీల లోపు చల్లదనంలో మెల్లగా పులియబెడతారు. వేడెక్కితే పండు వాసన ఎగిరిపోతుంది. ఎర్రదానికి తోలుతో సహా పులియబెడతారు. నల్లద్రాక్షను పిండినా రసం దాదాపు తెల్లగానే ఉంటుందనీ, ఎరుపంతా తోలు నానితే దిగేదేననీ కళ్లారా చూశాకే నమ్మాను. పీపాల గదిలో ఓక్ పీపాలు, ఒక్కొక్కటి 225 లీటర్లు. బుడగల వైన్‌ది మరో తతంగం. సీసాలోనే రెండోసారి పులియనిచ్చి, మడ్డి మూతి దగ్గరికి చేరేలా సీసాల్ని కొద్దికొద్దిగా తిప్పుతూ తలకిందులు చేస్తారు. చివరికి మూతిని గడ్డకట్టించి తెరిస్తే లోపలి ఒత్తిడికి మడ్డి ముద్ద బయటికి చిమ్ముతుంది.

రుచి చూసే వరుస ఎక్కడైనా ఇంచుమించు ఒకటే: బుడగలది, తెల్లవి, గులాబీరంగుది, ఎర్రవి, ఆఖర్న తీపిది. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి, చేతి వేడి తగలకుండా. తిప్పాలి, ముక్కు పెట్టాలి, ఆ తర్వాతే గుక్క. సావిన్యాన్ బ్లాంక్‌లో క్యాప్సికమ్ వాసన వస్తుందని గైడు చెప్పాడు. నాకు దోరజామకాయ తగిలింది. షిరాజ్ మొదట మిరియంలా ఘాటుగా తాకి, తర్వాత నాలుకను పట్టేసింది. పచ్చి నేరేడు కొరికితే వచ్చే వగరు అది. చివర్లో ఇచ్చిన లేట్ హార్వెస్ట్ షెనిన్ బ్లాంక్‌కు గుత్తుల్ని చెట్టునే ఇంకొన్నాళ్లు ఉంచుతారు, చక్కెర చిక్కబడేదాకా. అత్తయ్య తాగలేదు. ప్రతి గ్లాసూ వాసన మాత్రం చూసింది. "తేనె" అంది దీన్ని చూసి. గైడు వివరణ మొత్తం ఆ ఒక్క ముక్కలో అయిపోయింది.

చుట్టూ చూస్తే నాకు వైన్ కంటే జనమే వింతగా ఉన్నారు. పట్టపగలు, పిల్లాపాపలతో, అత్తాకోడళ్లు ఒకే బల్ల దగ్గర. మా ఊళ్లో మందుషాపు ముందు తలొంచుకుని జాలీలోంచి సీసా అందుకుని చంకలో దాచుకునే తీరుకు దీనికి పోలికే లేదు. ఇది సంస్కారమని నేననను. చాలామంది ఫొటో దిగి, రెండో గ్లాసు దగ్గరే ఆగిపోతున్నారు. కానీ దొంగచాటు లేని చోట తాగుడు నెమ్మదిస్తుందని అనిపించింది.

తిండి సంగతి. ఈ చుట్టుపక్కల వైనరీల్లో పాస్తా, పిజ్జా లేని మెనూ అరుదు. ఒకచోట మరీ ఆరిపోయిన పాస్తా పెట్టారు. పేరు దేనికిలెండి. నాసిక్‌లో కట్టెల పొయ్యి మీద వండే మిసళ్ ఉంది, నల్లమసాలా ఉంది. ఆ కారానికి చల్లటి, కాస్త తీపి తగిలే షెనిన్ బ్లాంక్ ఎంత బాగా కుదురుతుందో మర్నాడు హోటల్ గదిలో పొట్లం విప్పి పరీక్షించాం. బావమరిది "బావా, ఇది ఇటలీవాళ్లకు చెప్పొద్దు" అన్నాడు.

యార్క్ వైనరీ సులాకు దగ్గర్లోనే ఉంది. దాన్ని పెట్టిన గుర్నానీల ముగ్గురు పిల్లల పేర్లలోని అక్షరాల నుంచి పుట్టిన పేరు. 2021లో సులా దాన్ని కొనేసింది. అక్కడి వరండాలోంచి జలాశయం మీద పొద్దు గుంకడం చూడ్డానికే వెళ్లొచ్చు. తర్వాత ఇగత్‌పురి వైపు, ముకణె డ్యామ్ వెనక నీళ్లకు ఆనుకుని ఉన్న వలోనేకు పోయాం. చిన్న వైనరీ, పని నెమ్మది. అక్కడి మలాకా స్పైస్ రెస్టారెంట్‌లో ఆగ్నేయాసియా వంటలు. కొబ్బరిపాలూ నిమ్మగడ్డీ ఉన్న కూర పక్కన వైన్ గ్లాసు మొదటిసారి తన చోట తాను కూర్చున్నట్టు కనిపించింది.

తిరుగు దారిలో దిండోరి దగ్గర టీకి ఆగితే ఓ రైతు కలిశాడు. బావమరిది మరాఠీలో మాట కలిపాడు, అత్తయ్య ప్రశ్నలు అందించింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష పాలసీ తెచ్చి ఎక్సైజ్ సుంకం మినహాయించినప్పుడు ఊరూరా వైనరీలు లేచాయి, వించూర్‌లో వైన్ పార్కే వెలిసింది. అందరూ తినే రకం థామ్సన్ తీసేసి షిరాజ్ పెట్టారు. 2008 తర్వాత గిరాకీ పడిపోయింది, వైనరీలు కాయ కొనలేదు, కొన్నవాటికి డబ్బివ్వలేదు. తోలు మందంగా, గింజలతో ఉన్న ఆ కాయ బజారులో ఎవడికీ పనికిరాదు. చాలామంది తీగలు పీకేశారు, ఈయన కూడా. మళ్లీ కొన్ని ఎకరాలే పెట్టాడు, అదీ కంపెనీ ఏళ్లకేళ్ల ఒప్పందం రాసిచ్చాక. మిగతాదంతా తినే ద్రాక్ష.

"ఎగుమతి కాయకు ధర వస్తే పంట పండినట్టే. కానీ కోతల ముందు ఒక్క వాన పడితే కాయ పగిలిపోతుంది, తెగులు పడుతుంది. వైన్ కాయకు ధర ముందే రాసుంటుంది, రాత్రి నిద్ర పడుతుంది" అన్నాడు.

"మరి అంత నిద్ర పడ్తె మొత్తం అదే పెట్టొచ్చు గద?" అని అడగమంది అత్తయ్య.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, పీకేసిన తోటను చూసినవాడు మొత్తం భూమి ఒకరి సంతకం మీద పెట్టడమ్మా అని చెప్పమన్నాడు.