డిస్కు వంగిందన్నారు

ముందు బ్రేకు పట్టగానే లివరు వేళ్లను తంతుంటే మన ఊళ్లలో వినపడే తీర్పు ఒక్కటే: డిస్కు వంగింది, మార్చాలి. నేనుండే మిషిగన్‌లోని నోవైలోనూ ఇదే మాట. చలికాలమంతా గ్యారేజీలో నిలబెట్టిన బైకును ఏప్రిల్లో బయటికి తీసి, బ్రేకు కొట్టుకుంటోందని కొత్త డిస్కుకు ఆర్డరు పెట్టినవాళ్లను చూశాను. కొలిచి చూస్తే అందులో చాలా డిస్కులు వంగినవి కావు.

గుంటూరు పక్కన నల్లపాడులో మా బాబాయికీ ఇదే చెప్పారు. ఆయనది పాత 150 సీసీ బండి. పొద్దున చేలోకి, పంట వచ్చాక గుంటూరు మిర్చి యార్డుకు, మధ్యలో పురుగుమందు కొట్టుకు, అన్నిటికీ అదే. "బ్రేకు పడితే హ్యాండిలంతా వణుకుతోందిరా. డిస్కు, ప్యాడ్లు, కాలిపరు మొత్తం మార్చమంటున్నారు" అన్నాడు ఫోనులో. పత్తి తీతలకు కూలి డబ్బులు సర్దుకుంటున్న మనిషికి అది చిన్న ఖర్చు కాదు. సంక్రాంతికి వస్తున్నానని, అప్పటిదాకా బండి బయటికి తీయొద్దని చెప్పాను.

నా బతుకంతా కొలతల మధ్యే గడిచింది. కార్ల విడిభాగాలు తయారుచేసేచోట పనిచేస్తాను. అందుకే పెట్టెలో డయల్ గేజి, మైక్రోమీటరు కూడా సర్దుకున్నాను. అయితే మొదటి పరీక్షకు ఏ గేజీ అక్కర్లేదు. ఖాళీ రోడ్డు మీద నలభై స్పీడులో మెల్లగా బ్రేకు పట్టి చూడాలి. బాబాయి బండి సైజు చక్రం నలభైలో సెకనుకు ఆరుసార్లు తిరుగుతుంది. లివరు కొట్టుకునే వేగం దాంతో సరిపోయి, స్పీడు తగ్గేకొద్దీ అదీ తగ్గిపోతుంటే జబ్బు చక్రంతోపాటు తిరిగేదాంట్లో ఉన్నట్టు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకు ఏబీఎస్ తప్పనిసరి. అలాంటి బండిలో చక్రం పట్టేయబోయేంత గట్టిగా బ్రేకు పట్టినప్పుడు మాత్రమే లివరు గబగబా అదిరితే అది జబ్బు కాదు, ఏబీఎస్ పని చేస్తున్నట్టే. బాబాయి బండికి ఏబీఎస్ లేదు, కొట్టుకోవడమూ చక్రం లెక్కనే ఉంది.

ఊళ్లో మెకానిక్కు నాకంటే చిన్నవాడు, చేయి తిరిగినవాడు. డబుల్ స్టాండు వేసి, ఇంజను కింద చెక్క దూర్చి ముందు చక్రం లేపాడు. ఫోర్కు పట్టి ముందుకూ వెనక్కూ గుంజి చూశాడు. కోన్‌సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) లూజుగా ఉంటే బ్రేకు పడగానే హ్యాండిల్ అదురుతుంది, దాన్ని చూసి డిస్కును తిట్టేవాళ్లు చాలామంది. అది గట్టిగానే ఉంది, చక్రం బేరింగులూ బాగున్నాయి. గేజిని ఫోర్కు కాలికి బిగించి, ముల్లును డిస్కుకు ఆనించి, చక్రాన్ని చేత్తో తిప్పాం. ముల్లు 0.15 మిల్లీమీటరు అటూఇటూ కదిలింది. ఇలాంటి బళ్ల సర్వీసు పుస్తకాల్లో సాధారణంగా ఒప్పుకునే హద్దు 0.3. "ఇంతేనా అన్నా!" అన్నాడు మెకానిక్కు. ఆ ముల్లు కదలడం చూడటం అతనికి అదే మొదటిసారి. మైక్రోమీటరుతో చుట్టూతా మందం కొలిచాం. అదీ డిస్కు మీద చెక్కిన కనీస మందం కంటే ఎక్కువే.

మరి వణుకెక్కడిది? కాలిపరు విప్పితే బయటపడింది. కాలిపరు పక్కకు జరిగే పిన్నుల్లో ఒకటి ఎండిపోయి, ఎర్రటి దుమ్ముతో ముద్దకట్టి కదలకుండా పట్టేసింది. పిన్నులు జారుతుంటే డిస్కు కాస్త అటూఇటూ ఊగినా కాలిపరు దాంతోపాటే కదులుతుంది, చేతికేమీ తెలియదు. పిన్ను పట్టేస్తే అదే ఊపు పిస్టన్‌ను వెనక్కి నెట్టి, బ్రేకాయిల్ మీదుగా లివరుకు చేరుతుంది. పైగా డిస్కు మీద ఒకచోట ప్యాడు ఆకారంలోనే నల్లటి మచ్చ ఉంది. వానాకాలంలో కొన్నాళ్లు బండి కొట్టంలో కదలకుండా ఉంది. నోవైలో మంచు చేసే పని నల్లపాడులో ముసురు చేసింది: తడిసిన ప్యాడు డిస్కుకు అంటుకుని తన ముద్ర వేసింది. చక్రం తిరిగినప్పుడల్లా ఆ మచ్చ దగ్గర బ్రేకు ఒక్కసారి ఎక్కువగా పడుతోంది.

రేసు కార్ల ఇంజినీరు క్యారల్ స్మిత్ ఈ సంగతే కార్ల విషయంలో రాశాడు. వంగిందని తన దగ్గరికొచ్చిన డిస్కుల్లో తేలింది ప్యాడు పదార్థం ఎగుడుదిగుడుగా అంటుకోవడమేనన్నాడు. అలాగని డిస్కులు వంగవని కాదు. పంచరు వేసేటప్పుడు చక్రాన్ని డిస్కు వైపు నేలకు పడేసి, టైరు మీద ఎక్కి తొక్కుతారు. అలా చేస్తే నిజంగానే వంగుతుంది. చక్రం విప్పేచోట నిలబడి, డిస్కు పైకి ఉండేలా వేయించండి.

మరమ్మతుకు పట్టింది ఒక పూట. పిన్నులు కడిగి సిలికాన్ గ్రీజు పూశాం. మామూలు గ్రీజు వాడితే అక్కడి రబ్బరు ఉబ్బిపోతుంది. డిస్కును ఎమరీ కాగితంతో చుట్టూ ఒకే తీరున రుద్ది మచ్చ తీశాం, ప్యాడ్ల మెరుపును గాజుపలక మీద పరిచిన ఎమరీపై రాసి తీశాం. ఆ పొడిని ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. తర్వాత తెల్లవారుజామున నరసరావుపేట రోడ్డు మీద యాభై నుంచి పది దాకా బ్రేకు పట్టడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ స్పీడందుకోవడం, ఇదే కొన్నిసార్లు. పేరేచర్ల దాటేసరికి లివరు నిమ్మళించింది. ఇప్పుడు బాబాయి ఆ బండి మీదే యార్డుకు వెళ్తున్నాడు.

డయల్ గేజి మెకానిక్కుకే ఇచ్చేసి వచ్చాను. అతనికి పనితనం లేక కాదు ఇలాంటి తీర్పులు వచ్చేది, చేతిలో కొలిచే సాధనం లేక. కొత్త డిస్కు అమ్మితే వచ్చే లాభం కంటే, అక్కర్లేదని చెప్పగలిగే మెకానిక్కు ఊరికి ఎక్కువ మేలు చేస్తాడని నా గట్టి నమ్మకం.

మరో మాట. వాటర్ సర్వీసింగు చేయించాక మెరుపు కోసం బండి మీద డీజిల్ కొట్టనివ్వకండి. ఆ చుక్కలు ప్యాడ్లలోకి ఇంకితే రుద్దినా పోవు, ప్యాడ్లు మార్చాల్సిందే. డిస్కు మందం దాని మీద చెక్కిన అంకె కంటే తగ్గితే అప్పుడు బేరాల్లేవు, కొత్తది వేయించాలి.

విదేశాల నుంచి పండక్కి ఊరెళ్లేవాళ్లకు నా మనవి: ఇంట్లో పెద్దవాళ్లు నడిపే బండి ముందు చక్రాన్ని ఒకసారి పైకి లేపి చేత్తో తిప్పి చూడండి. వాళ్లు చెప్పరు, మనమే అడగాలి.