బండి ఎవరిది?

మా ఎరుకలవాళ్లలో శాఖల పేర్లు వింటే అంగడి సరుకుల పట్టీ చదివినట్టుంటుంది. దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, కుంచాపురి ఎరుకల. వెదురు దబ్బలతో గంపలు అల్లేవాళ్లు, ఈత పుల్లలతో బుట్టలు అల్లేవాళ్లు, ఉప్పు మోసేవాళ్లు, కరివేపాకు అమ్మేవాళ్లు, నేతగాళ్లకు కుంచెలు కట్టి ఇచ్చేవాళ్లు. ఈ పేర్లలో సరుకు ఉంది, ఊరు లేదు. ఎందుకు లేదో మా పెద్దలను అడగనక్కర్లేదు. ఒక గంప కొన్న ఇల్లాలు మళ్లీ ఏడాదికి గాని గంప కొనదు. ఒక్క ఊళ్లో కూర్చుంటే కడుపు నిండదు. కాబట్టి ఊరి తర్వాత ఊరు తిరగాల్సిందే. తిరగాలంటే మోసేది ఒకటి కావాల్సిందే.

ఇప్పుడు మా కాలనీల్లో కుర్రవాళ్లు నలుగురు చేరితే వచ్చే మాట కూడా అదే. ఏ బండి కొందాం? చేతిలో డబ్బు తక్కువ. తిరగాల్సిన దూరం ఎక్కువ. కొన్ని రాత్రులు బండి పక్కనే పడుకోవాలి. వీటన్నిటికీ సరిపోయే చౌక బండి ఏది? ఇది మాకు కొత్త ప్రశ్న కాదు. మా తాతల తాతలు దీనికి ఒక జవాబు కనిపెట్టారు. ఆ జవాబు గాడిద.

గాడిదను చూసి నవ్వేవాళ్లు నవ్వవచ్చు. లెక్క వేసి చూస్తే అంత తెలివైన ఎంపిక ఇంకొకటి లేదు. ఇస్కపల్లి వంటి తీరపు ఊళ్ల ఉప్పుమడుల దగ్గర గోతాలకెత్తి, పడమట ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లకు తోలుకుపోయి ఉప్పు ఇచ్చి, బదులుగా ధాన్యం తెచ్చుకునే వ్యాపారానికి రోడ్డు అక్కర్లేదు, కాలిబాట చాలు. మేత కొనక్కర్లేదు, బాట పక్కన దొరికింది తింటుంది. వ్యాపారం లేని నెలలో దానికి పైసా ఖర్చు లేదు. నాలుగిట్లో ఒకటి చచ్చిపోతే మిగతా మూడింటితో బతుకు నడుస్తుంది, పిల్ల పుడితే మళ్లీ నాలుగవుతాయి. జబ్బు చేస్తే పసరు మందు మన చేతిలోనే ఉంది. అన్నిటికంటే ముఖ్యం, దానికి కాగితం లేదు. ఎవరి చేతిలో పలుపుంటే వాళ్లదే గాడిద. సుగాలీలు ఎద్దుల వీపున పెరికెలు వేసి ఉప్పూ ధాన్యమూ మోసిందీ ఇదే లెక్కతోనే.

ఆ వ్యాపారం మా చేతకానితనం వల్ల పోలేదు. ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసింది. రైలు వచ్చింది. 1899 నాటికి మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా బెజవాడకు రైలు దారి కలిసింది. వారం రోజులు గాడిదలు మోసే సరుకు పెట్టెలో పడి ఒక్క రోజులో పోయింది. సరుకు పోయాక కూడా మేము తిరుగుతూనే ఉన్నాం, మరి తిరగడమే మా పని. అప్పుడు ఆ తిరగడమే నేరమైంది. 1871లో ఉత్తరాన తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. మా మనుషుల పేర్లు, వేలిముద్రలు పోలీసు రిజిస్టరుకు ఎక్కాయి. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి, పాసు చూపాలి. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికింద ఎరుకల సెటిల్మెంటు నడిచింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతికింద నడిచింది. మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952లో పోయింది. మీనా రాధాకృష్ణ గారు 2001లో ఇంగ్లీషులో అచ్చువేసిన పుస్తకంలో ఈ చరిత్ర అంతా ఉంది. పెద్ద తరగతుల పిల్లలకు అయ్యవార్లు దాని సారం తెలుగులో చెబితే మంచిది.

ఆ చరిత్రను ఇక్కడ ఎత్తింది ఏడవడానికి కాదు. బండి కొనే మాటలోకి అది నేరుగా వస్తుంది కాబట్టి ఎత్తాం. రోడ్డు మీద ఎవరైనా ఆపి "బండి ఎవరిది?" అని అడిగితే, ఇంకొకరికి అది మామూలు ప్రశ్న. మా ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఆ ప్రశ్న వింటే ఇప్పటికీ గొంతు ఎండుతుంది. కాబట్టి మన లెక్కలో చౌక బండి అంటే తక్కువ ధర బండి ఒక్కటే కాదు. రాబడి లేని నెలలో మనల్ని ముంచకూడదు, ఆ ప్రశ్నకు జవాబు మన జేబులో ఉండాలి. గాడిద ఈ రెండూ చేసింది. మోటారు బండి చేత కూడా అవే చేయించాలి.

మొదట సరుకు చూడాలి. గంపలు, చేటలు, ప్లాస్టిక్ బిందెలు బరువు తక్కువ, చోటు ఎక్కువ పడతాయి. ఉప్పు, పాత ఇనుము చోటు తక్కువ, బరువు ఎక్కువ. కరివేపాకు రెండూ తక్కువే గాని ఎండకు వాడిపోతుంది, తెల్లారేసరికి ఊళ్లో ఉండాలి. కరివేపాకు అమ్మే మనిషి నాలుగు చక్రాల బండి కొంటే ఆయిల్ ఖర్చుకే లాభం పోతుంది. పాత ఇనుము కొనే మనిషి మోపెడ్ మీద ఎత్తితే రెండో ఏటికే బండి నడుం విరుగుతుంది.

ఒక్క మనిషి, పొద్దున పోయి రాత్రికి ఇంటికి చేరే వ్యాపారమైతే మోపెడ్‌ను మించింది లేదు. 1980లో వచ్చిన టీవీఎస్ 50 నుంచి 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 దాకా మన గంపలు మోసిన బండి అదే. గేర్లు లేవు, ఏ ఊళ్లోనైనా బాగుచేసేవాడు దొరుకుతాడు, కాలవ కట్ట మీద కూడా పోతుంది. అయితే పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గేర్లు లేవు కదా, పదహారేళ్లకే నడపవచ్చు అనుకుంటారు. ఆ వెసులుబాటు 50 సీసీ లోపు బండికే. ఎక్స్‌ఎల్ 100 ఇంజను 99.7 సీసీ. దానికి పద్దెనిమిదేళ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి. 2019లో చట్టం మార్చాక, మైనరు బండి నడిపి దొరికితే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా ఉన్నాయి.

నాలుగు రోజులు, వారం రోజులు ఊళ్ల మీద ఉండేవాళ్లకు ట్రాలీ ఆటో గాని, టాటా ఏస్ వంటి చిన్న లారీ గాని కావాలి. ఏస్ 2005లో వచ్చింది, దాదాపు ముప్పావు టన్ను మోస్తుంది. టార్పాలిన్ కడితే సరుకూ తడవదు, రాత్రి ఆగిన చోట మనిషీ తడవడు. మూడు టన్నులు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, ఎఫ్‌సీ మాత్రం తప్పదు. కారు లైసెన్సు ఉన్న మనిషి ఇలాంటి చిన్న సరుకు బండి నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ ఖాయం చేసింది. ఇంకో మంచి మాట. ఇలాంటి బండ్ల లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న పాత నిబంధనను 2019లో తీసేశారు. బడి మధ్యలో మానేసిన మన కుర్రవాళ్లు చాలామందికి ఈ సంగతి తెలియదు.

కరెంటు ఆటోలు కూడా వస్తున్నాయి. రాత్రికి ఇంటికి చేరి, సొంత మీటరు నుంచి చార్జింగ్ పెట్టుకునేవాళ్లకు అవి బాగుంటాయి. చెట్టుకింద గుడారం వేసేవాళ్లకు ఇంకా కుదరవు.

పాత బండి చూసేటప్పుడు మన తీరంలో ముందు ఇంజను శబ్దం కాదు వినాల్సింది, బండి కింద దూరి చూడాలి. జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం వైపు తిరిగిన బండికి ఉప్పుగాలి పడుతుంది. చేపలు, ఉప్పు మోసిన బండికి మరీను. పైన కొత్త రంగు మెరుస్తుంటుంది, కింద ఛాసిస్ పొరలు పొరలుగా లేస్తుంటుంది. చిన్న సుత్తితో కొట్టి చూస్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. ఇంజను విప్పి చేయించుకోవచ్చు, కుళ్లిన ఛాసిస్‌కు వెల్డింగ్ ఎన్నాళ్లు ఆగుతుంది?

ఆ తర్వాత వాయిదా లెక్క. మనవాళ్లు ఎండాకాలపు రాబడి చూసి వాయిదాకు ఒప్పుకుంటారు. నెల్లూరు తీరానికి వాన ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది, తుపాన్లు కూడా అప్పుడే. ఒక లెక్క వేద్దాం. ఖర్చులు పోగా రోజుకు 500 మిగులుతుంది, నెలకు 22 రోజులు తిరుగుతాం అనుకుంటే 11,000. నెల వాయిదా 6,000 అయినా ఇంటికి 5,000 మిగులుతుంది, బాగానే ఉందనిపిస్తుంది. నవంబరులో ఆరు రోజులే తిరగగలిగితే వచ్చేది 3,000. వాయిదా మాత్రం అదే 6,000. మూడు నెలలు అలా గడిస్తే ఫైనాన్సు మనుషులు బండి తోలుకుపోతారు, అప్పటిదాకా కట్టింది నీళ్లపాలు. కాబట్టి వాయిదాను మే నెలతో కాదు, నవంబరుతో కొలవాలి. నవంబరు మోయగలిగినంత వాయిదాకే బండి. అంత రాదంటే చిన్న బండి. గిరిజన సహకార ఆర్థిక సంస్థ ట్రైకార్ రాయితీ రుణాలు, బ్యాంకుల్లో ముద్ర రుణాలు ఉన్నాయి. అవి వచ్చే రోజుకు కులధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం, లైసెన్సు చేతిలో ఉన్నవాళ్లకే అందుతాయి.

ఇక కాగితం సంగతి. పాత బండ్లు మన దగ్గరికి తరచుగా మూడో చేయి, నాలుగో చేయి మారి వస్తాయి. ఆర్సీలో పేరు మాత్రం మొదటి మనిషిదే. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇస్తారు, "తర్వాత మార్చుకోండి" అంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. అలాంటి బండి ధర ఎంత తక్కువైనా మనకు చౌక కాదు. కొనే రోజే ఫారం 29, ఫారం 30 నింపి ఆర్టీవో ఆఫీసులో పేరు మార్పించాలి. ఆర్సీలో ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటే బాకీ తీరినట్టు వాళ్లిచ్చే కాగితం, ఫారం 35 తెచ్చుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వాలి. ఇన్సూరెన్సు కూడా మన పేరుకు మారాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మన బండి రిపేరుకు రాదు, మన బండి వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి వస్తుంది. అది లేకుండా గుద్దితే ఆ పరిహారం మన ఇల్లు అమ్మినా తీరదు.

ఇంకొక్క మాట, చెప్పడానికి కష్టమైనా చెప్పాలి. సరుకు బండి వెనక ఆడవాళ్లను, పిల్లలను ఎక్కించుకుని సంసారం సమేతంగా పోవడం మనకు గాడిదల నాటి నుంచి అలవాటు. చట్టం దానికి ఒప్పుకోదు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని 2002లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బండి నడవడానికి ఉన్న కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, వెనక కూర్చున్న పిల్లకు ఏ రక్షణా లేదన్నమాట. పిల్లలు, ముసలివాళ్లు బస్సులోనో రైల్లోనో రావాలి. అంతకంటే మంచిది, పిల్లలు రాకుండానే జరగాలి.

మోటారు బండి గాడిద కంటే మనకు ఎక్కువ ఇచ్చింది ఇక్కడే. గాడిదలతో పోతే నెలలు పట్టేది, ఇంటిల్లిపాదీ వెళ్లక తప్పేది కాదు. ఇప్పుడు ఇద్దరు పోయి నాలుగు రోజుల్లో తిరిగి రావచ్చు. ముగ్గురు పిల్లలు బడిలోనే ఉండవచ్చు. ఎంత పెద్ద బండి కొన్నా, ఆ బండితో పాటు పిల్లవాడి పేరు హాజరు పట్టీలోంచి పోతే దాని ధర మనం కట్టలేం.

ఇంగ్లండులో తిరుగుడు జీవితం గడిపే రోమా, ట్రావెలర్ కుటుంబాలు గుర్రపు బండ్ల నుంచి మోటారు ఇళ్లకు మారాయి. వాళ్లు ఆగేందుకు స్థలాలు చూపాలని 1968లో చట్టం తెచ్చారు, 1994లో ఆ బాధ్యత తీసేశారు. మంచి బండ్లున్నా ఆగే చోటు లేక వాళ్లు పడిన అగచాట్లు మనకు తెలిసినవే. బండి మన చేతిలో ఉంది, ఆగే చోటు ఊరి చేతిలో ఉంది. కాబట్టి కాలనీలో ఒక పక్కా చిరునామా, రేషన్ కార్డు, ఓటు వదులుకోకుండానే తిరగాలి. ఆర్సీ, లైసెన్సు కూడా ఆ చిరునామా మీదే వస్తాయి.

అయ్యవార్లకు ఒక విన్నపం. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక పూట ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితం, ఫారం 30 బల్ల మీద పెట్టి చదివించండి. వడ్డీ లెక్క నేర్పేటప్పుడు బండి వాయిదా ఇచ్చి, నవంబరు నెలకు చేయించండి. సాయంత్రం ఆ పిల్లే ఇంట్లో నాయన కొనబోయే బండి కాగితం చదివి పెడుతుంది. మన పాత తరం దగ్గర పోలీసులు రాసుకున్న కాగితాలే ఉండేవి, మన పేరు మీద మనం రాయించుకున్నది ఒక్కటీ లేదు. ఇక నుంచి ఉండాలి. "బండి ఎవరిది?" అని ఎవరు అడిగినా, తొణక్కుండా సంచిలోంచి ఆర్సీ తీసి "మాదేనయ్యా, చూడండి" అనగలగాలి.