మొండిఘటం: గృహస్థుని తితిక్ష

తితిక్ష అనగానే మంచుకొండలలో శీతోష్ణాలను సహించే తపోధనులు స్ఫురిస్తారు. గృహస్థునికి హిమాలయం అక్కరలేదు. వంటింటి అలమర చాలు. సుఖదుఃఖాలను, శీతోష్ణాలను ఓర్చుకొమ్మని గీతాచార్యుడు ద్వితీయాధ్యాయంలో, 14వ శ్లోకంలో, ఉపదేశించాడు. స్టీలు డబ్బా మూత రాకపోవటం అక్కడ ప్రస్తావనకు రాలేదు గాని, అదీ ఆ కోవలోనిదే.

పదవీవిరమణ చేసిన ఒక సంస్కృతాధ్యాపకుడు, నిత్యగీతాపారాయణపరుడు, ఒక ఉదయం అటువంటి డబ్బాతో ద్వంద్వయుద్ధానికి దిగాడు. వేడి ఉప్మా పెట్టి బిగించిన మూత, చల్లారాక కదలలేదు. లాగాడు, గరిటెతో కొట్టాడు, చివరకు "మొండిఘటం!" అని తిట్టాడు. ఇల్లాలు శాంతంగా అన్నది: "ఘటం జడమని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పారు కదండీ, ఇప్పుడు దానికి మొండితనం ఎక్కడి నుంచి వచ్చింది?" ఆయనకు నవ్వాగలేదు.

డబ్బాకు ద్వేషం లేదు. లోపలి ఆవిరి చల్లబడి నీరైంది; లోపల ఒత్తిడి తగ్గింది; బయటి గాలి మూతను అదిమిపట్టింది. అంతే. వేడినీటిలో కాసేపు ఉంచగానే ఊడివచ్చింది. కారణమున్న చోట కక్షను చూడటమే చిత్రం. ఒకదాని ధర్మాన్ని మరొకదానిపై ఆరోపించటాన్ని శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్య ఉపోద్ఘాతంలో అధ్యాసగా నిరూపించారు. చేతనధర్మమైన మొండితనాన్ని జడమైన డబ్బాకు అంటగట్టటం ఆ అధ్యాసకు వంటింటి రూపం.

అయితే అన్ని సందర్భాలూ ఇంత సులువుగా ముగియవు. అదే అధ్యాపకుడు మరొకనాడు కళ్ళజోడు కోసం ఇల్లంతా గాలించాడు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదికినట్లు, అది ఆయన తలపైనే ఉన్నది. చూసి మనుమడు నవ్వబోయాడు. "ఎవరు తీశారు? ఈ ఇంట్లో ఒక్క వస్తువైనా చోటున ఉంటుందా?" అన్న గర్జనకు ఆ నవ్వు బాలుని పెదవులపైనే ఆగిపోయింది. ఇల్లాలు మారుమాటాడకుండా లోపలికి వెళ్ళింది.

క్రోధం నుంచి సమ్మోహం, దాని నుంచి స్మృతిభ్రంశం, అటుపై బుద్ధినాశం కలుగుతాయని గీత 62, 63 శ్లోకాలు క్రమం చెబుతాయి. తన తలపైనున్నది తనకే స్మరణకు రాకపోవటం కన్న ప్రత్యక్షోదాహరణ ఏముంటుంది? మెడలోని స్వర్ణహారాన్ని మరచి లోకమంతా వెదికే కంఠచామీకర న్యాయాన్ని ఆయన ఎందరికో బోధించినవాడే. హారం ఉన్నదని చెప్పేవారు ఉండాలి. కోపిష్ఠికి ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

ఇక్కడే అసలు ప్రమాదమున్నది. డబ్బాను తిడితే డబ్బాకు బాధ లేదు. జడంపై పుట్టిన కోపం జడంపై ఆగదు. పక్కనున్న చేతనులపై పడుతుంది. మనుమడు మింగిన నవ్వు మరునాటికి భయమవుతుంది. భయమున్న ఇంట పారాయణధ్వని ఎంత మధురమైనా శాంతి నిలవదు.

హాస్యమంటే ఉపేక్ష కాదు. వదులైన పిడిని బిగించవలసిందే, వెలగని లైటరును మార్చవలసిందే. ఇతరుల తడబాటుపై విసిరే పరిహాసమూ సాధన కాదు. "నా వస్తువు నా మాట వినాలి" అనే అహంకారాన్ని చూసి తాను నవ్వగలిగితే, ఆ క్షణంలో అహంకారం దృశ్యమవుతుంది, తాను ద్రష్టగా నిలుస్తాడు.

కనుక సాధకులారా, పోయిన వస్తువు తలపైనే దొరికిన నాడు, ముందుగా పిల్లలను నవ్వనివ్వండి.