భయం శుక్రవారం సాయంత్రమే వస్తుంది

విమానంలోంచి దూకడం నేర్చుకుంటున్నానంటే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "భయం వెయ్యదా?" అని కాదు, "ఇన్సూరెన్సు వర్తిస్తుందా?" అని. టెక్సాస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో మా వీధి తెలుగువాళ్లందరూ అదే అడిగారు. మా ఆయన మాత్రం అడగలేదు. రాత్రి నేను పడుకున్నాక పాలసీ కాగితాలు తీసి తనే చదువుకున్నారు. పొద్దున కాఫీ ఇస్తూ "సరే, వెళ్లు" అన్నారు. ఏం చదివారో ఇప్పటికీ చెప్పలేదు.

నిజానికి భయం మొదలయ్యేది ఆకాశంలో కాదు, కాగితాల దగ్గర. డ్రాప్ జోన్‌లో, అంటే దూకించే మైదానంలో, అడుగు పెట్టగానే ఒక కట్ట చేతికిస్తారు. గాయాలు కావచ్చు, ప్రాణం పోవచ్చు, పరికరం పనిచెయ్యకపోవచ్చు, పైలట్ పొరపాటు పడొచ్చు, ఏం జరిగినా దావా వెయ్యను అని పేరా పేరాకీ పక్కన మన పొడి అక్షరాలు రాయాలి. ఇల్లు కొన్నప్పుడు కూడా నేనింత శ్రద్ధగా చదవలేదు. మూడో పేజీకి వచ్చేసరికి నోట్లో తడి ఆరిపోయింది. పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల చదవకుండానే చకచకా గీకేసి, సెల్ఫీ తీసుకుంది. కుర్రతనం.

మాది గోవాడ, చోడవరం పక్కన. మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022లో జిల్లాలు విడదీశాక అనకాపల్లి జిల్లా. పేరు చెబితే చాలు, ఉత్తరాంధ్రలో ఎవరైనా "సుగర్ ఫ్యాక్టరీ గోవాడా?" అంటారు. చెరుకు బళ్ల వెనక పరిగెత్తి గడలు లాక్కుని నమిలిన బాల్యం. క్రషింగ్ మొదలైతే రాత్రంతా ఆ తియ్యటి మడ్డి వాసనలోనే నిద్ర. బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి పడింది మళ్లీ ఓ పంచదార ఊళ్లోనే. ఇంపీరియల్ షుగర్ కంపెనీ రిఫైనరీ వల్లే షుగర్‌ల్యాండ్‌కి ఆ పేరు. 2003లో అది మూతపడింది. ఆ ఎర్ర ఇటుకల భవనం మాత్రం ఇంకా నిలబడే ఉంది. దాని పక్కనుంచి వెళ్లినప్పుడల్లా కారు అద్దం దించుతాను, ఏ వాసనా రాదని తెలిసినా.

ఎత్తులంటే నాకు చిన్నప్పటినుంచీ పడదు. వడియాలు ఎండబెట్టడానికి డాబా ఎక్కినా పిట్టగోడ దగ్గరికి వెళ్లేదాన్ని కాదు. విజయనగరం సిరిమాను ఉత్సవానికి తీసుకెళ్తే, ఆ మాను కొసన కూర్చున్న పూజారిగారిని తలెత్తి చూడలేక కళ్లు మూసుకున్నాను. ఇలాంటిదాన్ని ఇందులోకి ఎందుకు దిగానంటే, దానికో మూలం ఉంది. డిసెంబరు 4 నేవీ డేకి నాన్న ఒకసారి విశాఖ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లారు. ఆకాశంలో చుక్కలుగా కనిపించినవాళ్లు కాసేపటికి రంగు రంగుల పారాచూట్లతో చల్లగా దిగి, ఇసుకలో నాలుగడుగులు నడిచి, బూట్లు దులుపుకున్నారు. అంత పైనుంచి వచ్చి బూట్లు దులుపుకోవడమేమిటని నేను నోరు తెరుచుకుని చూశాను. అది మనసులో ఏ మూలో ఉండిపోయింది. నలభై దాటాక, పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయాక పైకొచ్చింది.

అమ్మకి చెప్పకుండా దాచాలనే అనుకున్నాను. కానీ 2025 జనవరిలో అదే ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాల రిహార్సల్ జరుగుతుంటే ఇద్దరి పారాచూట్లు గాల్లో ఒకదానికొకటి చుట్టుకుని ఇద్దరూ సముద్రంలో పడ్డారు. బోట్లు వెళ్లి క్షేమంగా తీసుకొచ్చాయి. ఆ వీడియో టీవీల్లో పదేపదే వేశారు. ఆ ఊపులో మా తమ్ముడు నోరు జారాడు. గంటలో ఫోను.

"ఏటే, ఇమానంలోంచి దూకుతన్నావట! నేవీవోళ్లకే అలగైతే నీకేటి గతి? మతి గాని పోనాదేటి?"

"అమ్మా, వాళ్లు పక్కపక్కనే దిగుతారు కాబట్టి చిక్కుపడింది. నేర్చుకునేవాళ్లని అలా దింపరు. నేను ఒక్కదాన్నే దిగుతాను."

"ఒక్కదానివే! ఓలమ్మో!"

అక్కడితో ఆగాల్సింది. పడేటప్పుడు గాలి ఎలా ఉంటుందని అడిగితే ఉన్నమాట చెప్పాను. బోర్లా పడే మనిషి వేగం గంటకు 190 కిలోమీటర్లు దాటుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పటి గాలి 185 కిలోమీటర్లని లెక్క. మా పశువుల శాల రేకులు ఎగిరి చెరుకు తోటలో పడ్డ గాలి అది. "ఆ గాలిలోకి కావాలని ఎల్తావా?" అని అమ్మ ఫోను పెట్టేసింది. కొన్నాళ్లు మాట్లాడలేదు.

మొదటిసారి టాండెమ్. అంటే ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి మనల్ని కట్టేసుకుని ఆయనే దూకుతాడు. అందులో మన ధైర్యంతో పని లేదు, మూటగా ఉంటే చాలు. 2004లో ఎనభయ్యో పుట్టినరోజుకి మాజీ అధ్యక్షుడు పెద్ద బుష్ గారు మా టెక్సాస్‌లోనే, కాలేజ్ స్టేషన్‌లో దూకారు. తొంభయ్యో ఏట కూడా దూకారు. ఆ వయసువాళ్లే దూకారంటే మనకేమిటని తేలిగ్గా తీసుకున్నాను. అసలు కథ ఆ తర్వాత, సొంతంగా నేర్చుకునే కోర్సులో చేరినప్పుడు మొదలైంది. ఇక్కడ పారాచూట్ మన వీపు మీదే ఉంటుంది. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరో పక్కా పట్టుకుని దూకుతారు కానీ, తాడు లాగాల్సింది మనమే. లైసెన్సు రావాలంటే కనీసం 25 సార్లు దూకాలి.

ఒక రోజంతా నేల మీదే పాఠం. మాకు చెప్పినాయన అరవై దాటిన టెక్సాస్ మనిషి. నవ్వడు, తిట్టడు, చెప్పిందే చెబుతాడు. పైకప్పుకి వేలాడదీసిన పట్టీల్లో కూర్చోబెట్టి తలపైన ఒక బొమ్మ చూపిస్తాడు, చిరిగిన పారాచూట్‌దో, మెలి తిరిగినదో. చూసిన మరుక్షణం చేతులు కదలాలి. కుడివైపు ఎర్ర పిడి, ఎడమవైపు వెండి రంగు పిడి. ఎర్రది చూడు, పట్టు. వెండిది చూడు, పట్టు. ఎర్రది లాగితే పాడైన పారాచూట్ ఊడి పోతుంది, వెండిది లాగితే రెండోది తెరుచుకుంటుంది. ఆ రెండోదాన్ని సర్టిఫికెట్ ఉన్న రిగ్గర్ మాత్రమే మడతపెట్టాలి, 180 రోజులు దాటితే విప్పి మళ్లీ మడవాలి. మనం స్పృహ తప్పినా, చేతులు ఆడకపోయినా వెయ్యి అడుగుల ప్రాంతంలో దానంతటదే ఆ రెండోదాన్ని తెరిచే చిన్న యంత్రం కూడా లోపలుంటుంది. హెల్ముట్ క్లోత్ అనే జర్మన్ 1991లో తెచ్చిన సైప్రెస్ అనే యంత్రం వచ్చాక అలాంటివి మామూలయ్యాయి. ఇంటికొచ్చాక చారుకి పోపు వేస్తూ కూడా నా కుడి చెయ్యి నడుం పక్కకి వెళ్లేది. మా ఆయన గరిట అందుకునేవారు.

లెక్కలూ చదివాను. అమెరికాలో 2023లో సుమారు 36.5 లక్షల సార్లు జనం దూకితే పదిమంది చనిపోయారు. చాలా తక్కువే. కానీ ఆ లెక్క బుర్రకి ఎక్కుతుంది గానీ మోకాళ్లకి ఎక్కదు.

అన్నిటికంటే పాడుపని ఎదురుచూడటం. నేర్చుకునేవాళ్లని గాలి గంటకు 14 మైళ్లు దాటితే ఎక్కనివ్వరు. మా డ్రాప్ జోన్ ఉన్న రోషరన్ గల్ఫ్ తీరానికి దూరం కాదు. గాలి జోరు చూపే గుడ్డ పొద్దున ప్రశాంతంగా ఉంటుంది, పదింటికల్లా నేలకి సమంగా లేచి నిలబడుతుంది. పచ్చికలో బల్ల మీద కూర్చుని ఆ గుడ్డనే చూస్తూ, లేవకూడదని కోరుకుంటూ, లోలోపల లేస్తే బాగుండునని కూడా కోరుకుంటూ ఎన్ని శనివారాలు గడిపానో. "ఈరోజుకి లేదు" అనగానే నిరుత్సాహం నటించి, కారెక్కాక గట్టిగా పాటలు పెట్టుకునేదాన్ని.

విమానం ట్విన్ ఆటర్. రెండు బల్లల మీద ఒకరి ఒళ్లో ఒకరన్నట్టు కూర్చోవాలి. 14,000 అడుగులు ఎక్కడానికి పావుగంట, ఒక్కోసారి ఇంకాస్త. కింద టెక్సాస్ ఎండ మాడుస్తుంటే పైన చేతులు కొంకర్లు పోయే చలి. పాతవాళ్లు కునుకు తీస్తుంటారు. నాకు మాత్రం చెవుల్లో గుండె చప్పుడే వినిపించేది. తలుపు పైకి జరిపారంటే చాలు, చలిగాలీ ఇంజను రొదా ఒక్కసారిగా లోపలికి తోసుకొస్తాయి. ముందు కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి, తలుపులోంచి మాయమైపోతారు. పై ప్రాణాలు పైనే పోతాయంటారే, అది అక్కడే.

దూకాక మాత్రం ఎవరూ ముందే చెప్పని సంగతి ఒకటి తెలిసింది. కడుపులో ఏమీ జారదు. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ దిగేటప్పుడు కలిగే ఆ దేవడం ఉండదు. విమానం అప్పటికే మంచి వేగంతో పోతుంటుంది కాబట్టి మనం బయటికి రాగానే ఆ ముందుకెళ్లే గాలే మనల్ని మోస్తుంది, మెల్లగా అది కింది గాలిగా మారుతుంది. పది పన్నెండు సెకన్లలో పూర్తి వేగం అందుకుంటాం, ఆ పైన వేగం పెరగదు. నేల మీదికొస్తున్నట్టు కూడా అనిపించదు. డాబా పిట్టగోడ మీంచి కిందకి చూస్తే మెట్లూ, చీపురూ, పడుకున్న కుక్కా కనబడతాయి, ఎంత ఎత్తో కంటికి తెలుస్తుంది. ఇక్కడినుంచి కనిపించేది మ్యాపు. మ్యాపు చూసి ఎవరు భయపడతారు?

పైగా భయపడే తీరిక ఇవ్వరు. దిక్చక్రం చూడు, మణికట్టు మీద ఎత్తు చూడు, ఎడమ పక్కవాడికి చెప్పు, కుడి పక్కవాడికి చెప్పు, పిడి ఎక్కడుందో తడిమి చూడు. పూర్తి వేగంలో ప్రతి వెయ్యి అడుగులకీ అయిదారు సెకన్లే. 5,500 అడుగుల దగ్గర చేతులు ఊపి లాగాలి. 2,500 అడుగులకి దిగేలోపే పారాచూట్ మంచిదా చెడ్డదా తేల్చుకోవాలి. మా నాన్న చెరుకు తూకం చీటీ అప్పజెప్పినప్పుడు కూడా నేనింత ఒళ్లు దగ్గర పెట్టుకోలేదు. గుడ్డ తెరుచుకున్నాక రొద ఆగిపోయింది. కింద బ్రజోస్ నది వంకరలు తిరుగుతోంది. నా ఏడుపు నాకే వినిపించింది. భయానికి కాదు, ఎందుకో నాకే తెలీదు.

మరి ఆ భయం ఎప్పుడు పోయింది? పోలేదు, చోటు మార్చింది. ఇది నేను కనిపెట్టింది కాదు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో సేమోర్ ఎప్‌స్టీన్, వాల్టర్ ఫెంజ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1965లో పారాచూట్ దూకేవాళ్ల మీద అధ్యయనం ప్రచురించారు. కొత్తవాళ్లనీ, బాగా అలవాటైనవాళ్లనీ ఏ గడియలో ఎంత భయపడ్డారో అడిగారు. కొత్తవాళ్ల భయం పెరుగుతూ పెరుగుతూ వచ్చి "సిద్ధం" అన్న సైగ దగ్గర శిఖరానికి చేరుతుంది. పాతవాళ్ల భయం ఆ రోజు పొద్దున్నే శిఖరానికి చేరి, విమానం ఎక్కి తలుపు దగ్గరికి వచ్చేసరికి దిగిపోతుంది. అంటే కునుకు తీస్తున్న ఆ పాతవాళ్లు భయం లేనివాళ్లు కాదు, వాళ్ల వంతు భయం పొద్దున్నే పడి ఉంటారు.

ఇది చదివాక మా ఊరి తాత గుర్తొచ్చాడు. కల్లు గీసేవాడు. మేం బడికి వెళ్లే దారిలో ఆయన తాటిచెట్టు మొదట్లో కూర్చుని మోకు పట్టుకుని ఉండేవాడు. చివరినుంచి చివరిదాకా బొటనవేలు పెట్టి నొక్కుకుంటూ వచ్చేవాడు. ముడి దగ్గర ఆగి రెండుసార్లు గుంజేవాడు. ఆ పది నిమిషాలూ పలకరిస్తే పలికేవాడు కాదు, మొహం ముడుచుకునేది. ఆ తర్వాత చకచకా ఎక్కేసి పైనుంచి మమ్మల్ని ఆటపట్టించేవాడు, "ఓలే గుంటా, ముంజికాయ కావాలేటే?" అని. మోకు తడిమే ఆ పది నిమిషాల్లోనే ఆయన భయపడాల్సినంతా భయపడేవాడని ఇప్పుడనుకుంటున్నాను. నేను కూడా విమానం ఎక్కేముందు మూడు చోట్ల పట్టీలూ, పిడులూ, ఎత్తు చూపే గడియారమూ తడిమి చూసుకుంటాను. ఇన్‌స్ట్రక్టర్ చూస్తాడు, అయినా నేనూ చూస్తాను. ఆ సమయంలో నన్ను ఎవరు పిలిచినా పలకను.

కొత్తగా వెళ్దామనుకునే మన పిల్లలు అడిగితే చెప్పేవి కొన్నే. ఖాళీ కడుపుతో రావద్దు. వాంతవుతుందని మానేసినవాళ్లకే కళ్లు తిరుగుతాయి, పొద్దున్నే రెండు ఇడ్లీలు తిని రండి. భయంగా ఉందని ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి. "నాకేం భయం లేదు" అనేవాణ్ని చూస్తేనే ఆయన కనుబొమలు ముడుస్తాడు. గాలి సొరంగంలో కాసేపు తేలి చూస్తే ఒళ్లు వంచడం అలవాటవుతుంది. హైదరాబాద్‌లో కూడా అలాంటిదొకటి పెట్టారు. తలుపు దాకా వచ్చి వద్దనిపిస్తే విమానంలోనే దిగిపోవచ్చు. అలా దిగిపోయిన తెలుగు కుర్రాణ్ని ఒకణ్ని చూశాను. కింద స్నేహితులు కెమెరాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నుంచి నడుచుకుంటూ వచ్చి, "నా వల్ల కాలేదు, బిర్యానీ తిందాం పదండి" అన్నాడు. వీడియో కోసం దూకినవాళ్ల కంటే ఆ పిల్లాడే నాకు నచ్చాడు.

షుగర్‌ల్యాండ్ అష్టలక్ష్మి గుడి దగ్గర 2024 ఆగస్టులో 90 అడుగుల అభయ హనుమంతుణ్ని ప్రతిష్ఠించారు. డ్రాప్ జోన్‌కి వెళ్లేముందు ఆయనకి దండం పెట్టి వెళ్లమని మా పక్కింటావిడ సలహా. పెడతాను. కానీ ఆయన సముద్రం దాటింది పైకెగిరి, నేను చేసేది కిందపడటం. ఇద్దరి శాఖలూ వేరు.

ఈమధ్య నా భయం శుక్రవారం సాయంత్రానికే వచ్చేస్తోంది. గిన్నెలు తోముతుంటే చేతులు చల్లబడతాయి. రేపు వర్షం పడితే బాగుండు అనిపిస్తుంది. మా ఆయన గమనించి మాట్లాడకుండా తువ్వాలు అందుకుని గిన్నెలు తుడుస్తారు. తెల్లారి హైవే 6 మీద ఆర్కోలా దాటేదాకా ఉంటుంది. తలుపు దగ్గరికి వచ్చేసరికి నాకు వేరే పనులుంటాయి.

అమ్మ మళ్లీ మాట్లాడుతోంది. దూకడం గురించి ఎత్తదు, ఎత్తితే ఒప్పుకున్నట్టవుతుందని. తమ్ముడి చేత ఫోనులో టెక్సాస్ వాతావరణం పెట్టించుకుంది. ప్రతి శనివారం, అక్కడ రాత్రయ్యేవేళకి, సరిగ్గా నేను కారు తాళాలు తీసుకునే సమయానికి ఫోను మోగుతుంది.

"గాలెంత ఉందే?"

"తొమ్మిది, అమ్మా."

"పద్నాలుగు దాటితే ఇంటికొచ్చీ. ఇడ్లీ తిన్నావా?"